గిర్నీ ఎదుటి కిటికీ

నాకు సిగ్గు ఆలస్యంగా వచ్చింది. ఏడో తరగతిలో బడి మానేసినప్పుడు రాలేదు. నెత్తిన, మీసాల మీద గోధుమపిండితో గిర్నీ నుంచి నేరుగా పెళ్లిచూపులకు వెళ్లినప్పుడూ రాలేదు. పిల్ల తండ్రి నన్ను ఎగాదిగా చూసి వయసెంత అని అడిగితే, "దులుపుకుంటే ఇరవై ఆరు, దులుపుకోకుంటే అరవై" అన్నాను. అందరూ నవ్వారు, పిల్లనిచ్చారు. మనిషిని నవ్విస్తే చాలు, ఇంకేమీ అడగరని అప్పటినుంచీ నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఒక మే నెల సాయంత్రం పోయింది. ఊరంతటినీ దుమ్ము కమ్మేసిన రోజు, బార్లా తెరిచి ఉన్న ఒక కిటికీని చూసి.

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వైపు వెళ్లే పెద్దరోడ్డు పక్కన, ఒక సందులో మా గిర్నీ. గిర్నీ అంటే పిండిమర. ఒక మిషను గోధుమలకూ బియ్యానికీ, ఇంకోటి కారానికీ పసుపుకీ. మా నాయన పెట్టినప్పుడు చుట్టూ కాపురాలుండే ఇళ్లు. నా చేతికి వచ్చేసరికి ఆ ఇళ్లన్నీ హాస్టళ్లయ్యాయి. హాస్టల్ కాని చోటల్లా కంప్యూటర్ కోర్సు. బోర్డు మీద బోర్డు, దాని మీద బ్యానరు, గోడ కనబడితే ఒట్టు. కరపత్రాలు పంచే కుర్రాళ్లు నా పిండి చేతుల్లో కూడా ఒకటి పెట్టి పోయేవాళ్లు. "ఫీజు బదులు గోధుమలు తీసుకుంటరా భాయ్, ఇప్పుడే చేరిపోత" అనేవాణ్ని. వాళ్లు నవ్వేవాళ్లు. సందులో నవ్వనివాళ్లంటూ లేరు.

అందరికంటే ఎక్కువ నవ్వేది పెద్దమ్మ. ఆమె నాకు చుట్టం కాదు. తెనాలి వైపు నుంచి వచ్చి మా గిర్నీకి సరిగ్గా ఎదురింట్లో కర్రీ పాయింట్ పెట్టుకున్న మనిషి. హాస్టల్ పిల్లలు గదుల్లో అన్నం మాత్రం వండుకుని, కూర, పప్పు, పులుసు ఆమె దగ్గర పొట్లాలు కట్టించుకుపోయేవాళ్లు. ఆమె దుకాణం వాకిలి పక్క సందులోకి ఉండేది. వంటగది కిటికీ మాత్రం నా ముఖానికి ఉండేది. ఆ కిటికీ రెక్కలు ఎప్పుడూ మూసే ఉండేవి. రెక్కలు సరిగా కలవని సందు కప్పేటట్టు, పైనుంచి కిందిదాకా ఒక తడి తువ్వాలు వేలాడేది. ఆరగానే లోపలినుంచి చెయ్యి వచ్చి, తీసుకుపోయి, మళ్లీ తడిపి వేసేది.

ఆ తువ్వాలు నాకు రోజూ కొత్త జోకు ఇచ్చేది.

"పెద్దమ్మా, లోపల బంగారం వండుతున్నవా, గంత మూత పెట్టినవ్?"

"ఆఁ, నీకు కనపడితే వాటా అడుగుతావని" అని లోపలినుంచి జవాబు.

గిరాకీలు వచ్చినప్పుడు ఇంకా రెచ్చిపోయేవాణ్ని. "గా పరదా ఎందుకో తెలుసా? నా అందం చూస్తే పెద్దమ్మకు పప్పు మాడుతదట." గిర్నీ ముందున్న వాళ్లంతా నవ్వేవాళ్లు. తువ్వాలు వెనక ఆమె కూడా పగలబడి నవ్వేది. ఆ నవ్వు చివర దగ్గు వచ్చేది, చాలాసేపు. నా జోకుకు అంత నవ్వొచ్చి పొలమారిందనుకునేవాణ్ని. చూశారా, దగ్గు వచ్చేదాకా నవ్వించాను అని మురిసిపోయేవాణ్ని.

ఒక వానాకాలంలో పక్క హాస్టల్లో ఉండే అమ్మాయి ఒకతె గొడుగు మూసుకుంటూ గిర్నీలోకి వచ్చింది. చేతిలో గోధుమలు లేవు. రాజమండ్రి వైపు పిల్ల, యూనివర్సిటీలో పరిశోధన చేస్తోందట.

"అన్నయ్యా, మీ డాబా మీద ఒక మిషను పెట్టుకోవచ్చా? ఏడాదిపాటు. కరెంటు ఖర్చు నేనే ఇస్తాను."

"ఏం మిషను? పిండిదైతే నా కడుపు మీద కొట్టినట్టే."

"గాలిది. గాలిని పీలుస్తుంది. లోపల తెల్ల కాగితం ఉంటుంది, దుమ్మంతా దాని మీద పట్టుకుంటుంది. రోజూ కాగితం మార్చి తీసుకెళ్లి తూకం వేస్తాను."

"గాలి మీద చదువా చెల్లె? నన్ను గాలి తిరుగుళ్లని బడి మాన్పించిండ్రు. గిట్ల చదువు ఉన్నదని ఎరుకైతే ఆడనే ఉంటుంటి."

ఆమె నవ్వింది. నాకు అది చాలు, డాబా ఇచ్చేశాను. ఇంతకీ ఆమె తేల్చాల్సింది ఏమిటంటే, ఊరి గాలిలో ఉన్న దుమ్ములో ఎంత దానంతటది వచ్చింది, ఎంత మనుషులం చేసింది అని. గాలిదుమారం తెచ్చేది, వాన కడిగేసేది ఒక లెక్క. బస్సుల పొగ, టపాకాయలు, తవ్వకాలు ఇంకో లెక్క. రెండింటినీ వేరుచేయాలట. "నా తాన జల్లెడలున్నయ్, కావాల్నా?" అన్నాను. కింద నడుస్తున్న మిషను దుమ్ము మాటేమిటని ఆమె అడక్కపోలేదు. "పిండి బరువు చెల్లె, మెట్లెక్కి పైకి రాదు. వస్తే నీ హాస్టల్ రొట్టెలకే వస్తది" అన్నాను. కొంచెం వస్తే లెక్కలో తీసేస్తానంది. కారం మిషను అప్పుడు మూలన గోనెపట్టా కప్పుకుని పడుకుని ఉంది. దాన్ని ఆమె చూడలేదు. నేనూ చెప్పలేదు. దాచాలని కాదు, అది ఎండాకాలపు సంగతి. చినుకులు పడుతుంటే మిరపకాయలు ఎవరికి గుర్తుంటాయి?

అలా నా డాబా మీద ఒక చదువు మొదలైంది. రోజూ పొద్దున ఆమె దిగుతూ, అప్పడం కంటే చిన్నదైన ఆ గుండ్రటి కాగితాన్ని నాకు చూపించేది. నేను జడ్జిలా చూసి తీర్పు చెప్పేవాణ్ని. ముసురు పట్టిన రోజుల్లో కాగితం తెల్లగానే దిగేది, ఊరంతా ఉతికి ఆరేసినట్టు. ఇంటర్‌నెట్ కేబుళ్ల కోసం పెద్దరోడ్డు పొడుగునా తవ్విపోసినప్పుడు మట్టిరంగుకు తిరిగింది. దీపావళి మర్నాడు పెనం అడుగులా ఉంది. చలికాలం పొద్దుటిపూట నల్లగా, జిడ్డుగా వచ్చేది. చల్లగాలి మూతలా కూర్చుంటుంది, పొగ పైకి పోలేదు అని ఆమె చెప్పింది. కరెంటు పోతే నా మిషను ఆగేది, కోర్సులవాళ్ల జనరేటర్లు మొదలయ్యేవి. ఆ రోజూ నలుపే. ఒకసారి బంద్ అయ్యింది. బస్సుల్లేవు, ఆటోల్లేవు, కాగితం తేటగా ఉంటుందనుకున్నాం. ఎవరో చౌరస్తాలో టైరు తగలబెట్టారు, మసి మరక మరకగా దిగింది.

"చూసినవా, చూసినవా" అని నేను ఎగిరేవాణ్ని. "బస్సులోళ్లు! జనరేటర్లోళ్లు! ఊరిని పొగపెట్టి చంపుతున్నరు!" సాయంత్రంపూట మిగిలిపోయిన కరపత్రాలను కుప్పపోసి కాల్చే కోర్సు కుర్రాళ్ల మీదికి పోయి, "ఏం భాయ్, మా పెద్దమ్మ దగ్గుతున్నది, జర సోయి ఉండాలె" అని కూడా గట్టిగా అరిచివచ్చాను. ఆ మాట అన్నది నేనే. ఇప్పుడు రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి.

ఎండలు ముదిరాక కారం మిషను మీద గోనెపట్టా తీశాను. మా సందు చుట్టూ ఉన్న కోస్తావాళ్లకు ఆ రెండు నెలలూ ఇంకో లోకం ఉండదు. ఆవకాయకు ఏడాది సరిపడా కారం కావాలి, అది కొన్నదైతే పనికిరాదు. మిరపకాయలు తెప్పించి, డాబాల మీద గలగలలాడేదాకా ఎండబెట్టి, తొడిమలు తీసి, మూటకట్టి తెస్తారు. తెచ్చి ఇచ్చి పోరు. తమ కాయలు ఇంకొకరి కాయల్లో కలిసిపోతాయని ముక్కుకు కొంగు చుట్టుకుని మిషను పక్కనే కాపలా నిలబడతారు. గిర్నీ నుంచి ఎర్రటి మేఘం లేస్తుంది. సందులో నడిచేవాడు తుమ్ముతాడు, హాస్టల్ కిటికీలోంచి ఒకమ్మాయి తుమ్ముతుంది, రోడ్డు మీద కానిస్టేబుల్ తుమ్ముతాడు. "అమీర్‌పేటల ఏ కోర్సుల చేరినా మొదటి పాఠం తుమ్ముడే" అని నా జోకు.

కారం మిషను మొదలుపెట్టిన మర్నాడే పొద్దున ఆ అమ్మాయి రెండేసి మెట్లు దిగుతూ పరుగెత్తుకొచ్చింది. చేతిలో కాగితం ఎర్రగా ఉంది.

"అన్నయ్యా! వచ్చేసింది! ఎడారి దుమ్ము! ఇంత ఎరుపు ఎప్పుడూ చూడలేదు, రాజస్థాన్ అవతలినుంచి గాలి మోసుకొచ్చి ఉంటుంది!"

నేను కారం మిషనుకు ఆనుకుని నిలబడి ఉన్నాను. చుట్టూ మూటలు పట్టుకున్న ఆడవాళ్లు. ఇంత మంచి అవకాశం ఏ జోకులవాడూ వదులుకోడు.

"రాజస్థాన్ కాదు చెల్లె, గుంటూరు."

గిర్నీ దద్దరిల్లింది. ఆమె కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. పెద్దగా తుమ్మింది. మళ్లీ నవ్వులు. ఎదుటి తువ్వాలు వెనక పెద్దమ్మ కూడా నవ్వింది, దగ్గింది. ఆ పిల్ల కూడా కాసేపు నవ్వినట్టే చేసి వెళ్లిపోయింది.

తర్వాత కొన్నాళ్లు నాకు కాగితాలు చూపించలేదు. నేనే పిలిచి అడిగాను.

"మా సార్ ఈ కాగితాలేవీ పనికిరావంటున్నారు" అంది. "కారం మిల్లు నెత్తిమీద కూర్చుని ఊరి గాలి కొలిచానంటే ఎవరు ఒప్పుకుంటారని. వానలు పడేసరికి నా గడువు అయిపోతుంది అన్నయ్యా. ఇంకో ఏడాది చేయడానికి లేదు. చేసిందంతా పోయినట్టే."

"మరేం చెయ్యాలె?"

"బయటినుంచి దుమ్ము వచ్చే రోజు ఒక్కటి కావాలి. ఆరోజు మీ మిషన్లు రెండూ ఆగి ఉండాలి. ఉత్త బయటి దుమ్ము కాగితం ఒకటి చేతిలో ఉంటే, మిగతా వాటిలో మీది ఎంతో, దానిది ఎంతో విడదీసి చూపించగలను."

"గింతేనా? ఆకాశంల నుంచి దుమ్ము దిగిననాడు చెప్పు. బంద్ పెడత. ఒట్టు."

నా భార్య లోపలినుంచి వింది. "సీజన్ల బంద్ పెడితే ఏం తింటం? ఆ దుమ్మేనా?" అంది. మాటల్లో ఆమె నాకంటే ముందుంటుంది, అందుకే గిరాకీల ముందు ఆమెను ఎక్కువ మాట్లాడనిచ్చేవాణ్ని కాదు.

ఆ రోజు మే నెలలోనే వచ్చింది, అదీ ఆవకాయ నడిమధ్యలో. పొద్దున లేచేసరికి సూర్యుడు పాత స్టీలు పళ్లెంలా ఉన్నాడు, కళ్లు చికిలించకుండా చూడొచ్చు. పంజాగుట్ట వైపు ఎత్తు భవనాలు పోయాయి. ఉన్నచోట ఉన్నాయో లేదో తెలియదు, కనబడటం మాత్రం మానేశాయి. వేడిగాలి ఆగకుండా వీస్తోంది, పళ్ల మధ్య కరకరమంటోంది. అమ్మాయి ముఖానికి చున్నీ చుట్టుకుని వచ్చింది. కళ్లు మాత్రం వెలిగిపోతున్నాయి.

"అన్నయ్యా, ఈరోజే."

గిర్నీ ముందు అప్పటికే మూటల వరుస ఉంది. నేను స్విచ్చు మీదినుంచి చెయ్యి తీసి, బంద్ అని చెప్పాను. పెద్ద గలభా అయ్యింది.

"ఏంటి బాబూ, పొద్దున్నే మామిడికాయలు కొట్టించేశాను! కారం ఇవాళ కలపకపోతే ముక్కలు మెత్తబడిపోవూ?"

"మధురానగర్‌ల ఇంకో గిర్నీ ఉన్నదమ్మా, ఆటోల పో."

"వాడు అందరి కాయలూ కలిపేస్తాడు. దుమ్ము కోసం గిర్నీ మూసేవాణ్ని నిన్నే చూశాను!"

"ఇయ్యాల పైనుంచే మస్తు దుమ్ము వస్తున్నది గదమ్మా, నేను సుత ఎందుకు పొయ్యాలె?"

నవ్వుకుంటూనే తిట్టుకుంటూ వెళ్లారు. నేను షట్టర్ సగం దించి మెట్టు మీద కూర్చున్నాను. నన్ను చూసి నాకే ముచ్చటేసింది. ఏడో తరగతి దాటనివాడు, ఎవరో పిల్ల పై చదువు కోసం సీజన్లో దుకాణం మూసుకున్నాడు. ఎవరైనా వచ్చి నాలుగు మంచి మాటలు అంటారేమోనని సందు రెండువైపులా చూస్తూ కూర్చున్నాను.

ఎవరూ రాలేదు. వీధి అంతా తలుపులు బిగించుకుంది. హాస్టల్ డాబా మీద బట్టలు తీసేశారు. మందుల షాపువాడు అద్దం తలుపు అడుగున గుడ్డ దోపుకున్నాడు. పాన్ డబ్బా అతను బకెట్ నీళ్లు చల్లి చల్లి విసిగిపోయి, మూసేసి వెళ్లాడు. సాయంత్రం అవుతుండగా తలెత్తితే, ఎదురుగా కిటికీ తెరిచి ఉంది.

రెక్కలు రెండూ గోడకు ఆనుకునేలా తెరిచి ఉన్నాయి. తువ్వాలు లేదు. లోపల వరుసగా మూతలు పెట్టిన గిన్నెలు, రెండు పొయ్యిలు, గోడకు వేలాడే గరిటెలు కనిపించాయి. పెద్దమ్మ కిటికీ పక్కనే స్టూలు వేసుకుని, మెడమీద కొంగు తీసి, ఆ దుమ్ముగాలికి ముఖం పెట్టి కూర్చుంది. ఇన్నేళ్లలో ఆ కిటికీలోంచి ఆమె ముఖం చూడటం అదే మొదటిసారి.

ఇంకేముంది, నోరు ఆగలేదు.

"పెద్దమ్మా, మతి గిట్ల పోయిందా? ఊరంత తలుపులేసుకుంటే నువ్వు తెరిచి కూసున్నవ్!"

"ఎంత హాయిగా ఉందో అబ్బాయ్ గాలి."

"గాలా? ఎడారి మొత్తం దిగుతున్నది. కూరలల్ల మట్టి పడ్తది."

"మూతలు పెట్టానులే. మట్టిదేముంది, కడుక్కుంటే పోతుంది. ఇవాళ మీ గిర్నీ లేదుగా."

ఇవాళ ఎండ లేదుగా అన్నట్టు, అంత మామూలుగా అంది. నాకు వెంటనే అర్థం కాలేదు.

"ఏందీ?"

"అదే, కారం లేదుగా. ఎన్నేళ్లయిందో ఈ కిటికీ తీసి. గడియ తుప్పు పట్టిపోయింది, అట్లకాడతో కొట్టి ఊడదీశాను."

"అంటే గా తడిగుడ్డ... నా గిర్నీ కోసమా?"

"మరి? కిటికీకి జ్వరం వచ్చిందని వేశాననుకున్నావా?"

మంచి జోకు. నేను వేయాల్సింది. నవ్వు రాలేదు.

"చెప్పాలె గదా పెద్దమ్మా, ఇన్నేండ్లు!"

"చెబితే ఏం చేస్తావు, మూసేస్తావా? మూసేస్తే నా కారం ఎవరు పట్టి ఇస్తారు? నువ్వూ బతకాలిగా నాయనా. పిండి రోజుల్లో పర్లేదులే. కూరలో పడితే కాస్త చిక్కబడుతుంది, అంతే. ఈ రెండు నెలలే కాస్త."

ఆ రెండు నెలలంటే ఏమిటో నాకు తెలుసు. ఏప్రిల్, మే. రెండు పొయ్యిలు, మూసిన కిటికీ, దాని మీద తడిగుడ్డ.

అడగకుండా ఉండాల్సింది. అడిగాను. "మరి నువ్వు నవ్వుతున్నప్పుడు దగ్గు వస్తది గదా..."

"నవ్వితే నోరు తెరుస్తాంగా" అంది ఆమె.

అని పొయ్యి మీద పులుసు కలపడానికి లేచింది. ఆమె మనసులో ఏమీ లేదు. నన్ను సాధించాలని కూడా లేదు, ఉంటే బాగుండేది. కిటికీ వైపు చూడలేను, చూడకుండా ఇంకెక్కడ చూడాలో తెలియదు. కరపత్రాలు కాల్చిన కుర్రాళ్లను ఏ పెద్దమ్మ పేరు చెప్పి తిట్టానో, ఆ పెద్దమ్మ లోపల ఇదంతా వింటూ పప్పు కలుపుతూ ఉండి ఉంటుంది. నన్ను ఒక్క మాట అనలేదు. నవ్వింది, దగ్గింది. సందులో అందరికీ తెలుసేమో కూడా. చదువులేనివాడు, ఏదో బతుకుతున్నాడు, పోనీలే అని అందరూ కూడబలుక్కున్నారేమో. నేను నవ్విస్తున్నాను కాబట్టి ఏమీ అడగడం లేదనుకున్నాను. వాళ్లు ఓర్చుకుంటున్నారు కాబట్టి అడగలేదు.

ఇంతలో డాబా మీదినుంచి అమ్మాయి దిగింది. ఆనాటి కాగితాన్ని పళ్లెంలో పెట్టి పట్టుకొచ్చింది, హారతి తెచ్చినట్టు. లేత మట్టిరంగు, ముట్టుకుంటే పొడిలా మెత్తగా ఉండేటట్టుంది. పక్కన నిన్నటి కాగితం పెట్టింది. ఎరుపు, చిక్కగా, అంచుదాకా.

"చూశారా అన్నయ్యా, ఎంత తేడానో! ఇది మన ఊరిది కానే కాదు, బయటినుంచి వచ్చింది. ఇదేమో..." అని ఆగిపోయింది.

"ఇదేమో నాది. చెప్పు చెల్లె."

ఆమె నా ముఖం చూసి ఏమనుకుందో, గబగబా చెప్పింది. "మీది ముతక దుమ్ము అన్నయ్యా. చాలావరకు ముక్కు, గొంతు దగ్గరే ఆగిపోతుంది. ఊపిరితిత్తుల లోపలిదాకా పోయేది బస్సుల పొగలో ఉండే సన్నది. అసలు ప్రమాదం అది."

ఆ ముందురోజు అని ఉంటే ఆ మాటను సందు చివరిదాకా వినిపించేలా అరిచేవాణ్ని. బస్సులు మా సందులోకి రావు. ఎదుటి వంటగది నా కారం మిషనుకు ఎంత దగ్గరంటే, చెయ్యి చాపితే గరిటె అందుకోవచ్చు. ఆమె చెప్పింది నిజమే అయి ఉంటుంది. నాకు మాత్రం దాని వెనక దాక్కోబుద్ధి కాలేదు.

మర్నాడు గాలి తేరుకుంది. మూటల వరుస రెట్టింపైంది. నేను స్విచ్చు దగ్గరికి నడిచాను. నేను చెయ్యి పెట్టకముందే ఎదుటి కిటికీ రెక్కలు మూసుకున్నాయి, సందులోంచి చెయ్యి వచ్చి తడి తువ్వాలు వేసి, ముడతలు సరిచేసి, లోపలికి పోయింది. నా చెయ్యి స్విచ్చు మీదే ఆగిపోయింది.

"ఏమైంది, షాక్ కొట్టిందా?" అని నా భార్య వచ్చి తనే వేసింది.

ఆమెకు ఆ మధ్యాహ్నం అన్నం తింటూ చెప్పాను. ఆమె ముద్ద కలుపుతూ, "నాకెరుకనే" అంది. "ఎరుకైతే చెప్పవేందే?" అన్నాను. "నువ్వు ఎవలనన్న మాట్లాడనిస్తవా?" అంది.

సనత్‌నగర్‌లో రేకుల పని చేసే అతన్ని పిలిపించాను. కారం మిషను చుట్టూ రేకుల గది కట్టి, పైన గొట్టం పెట్టి, ఫ్యానుతో దుమ్మును డాబా మీదికి పంపొచ్చన్నాడు. డాబా మీద ఆ పిల్ల మిషను ఉంది. గొట్టం పెడితే నేరుగా దాని నోట్లోకే పోతుంది. ఇంత చేసీ ఆమె పని చెడుతుంది. పెద్దమ్మ దగ్గరికి పోయి, పక్క సందు వాకిట్లో నిలబడి, తల వంచుకుని ఇదంతా చెప్పాను. ఆమె ముందు జోకు లేకుండా మాట్లాడటం అదే మొదలు. ఆమెకు నచ్చలేదు.

"ఏంటిరా ఆ ముఖం? ఆ పిల్ల చదువు అయ్యేదాకా ఆగు. నాకు అలవాటేగా" అంది. అంటూనే పొట్లంలో వంకాయ కూర పెట్టి చేతికిచ్చింది. వద్దనలేను, తీసుకోలేను. తీసుకున్నాను.

వానలు వచ్చేదాకా నేనే గిర్నీ ద్వారానికి గోనెపట్టాలు తడిపి కట్టాను. ఎర్ర మేఘం సందులోకి పోకుండా లోపలే తిరిగేది. కాపలా నిలబడే ఆడవాళ్లు ఆ ఉక్క తట్టుకోలేక బయటికి పరుగెత్తారు. "మా కాయలు కలిపేయకు బాబూ" అని బయటినుంచే కేకలు. నేను లోపల కళ్లు కారుతూ, దగ్గుతూ, ఒళ్లంతా మంటగా నిలబడేవాణ్ని. తడిగుడ్డ వెనక మే నెల ఎలా ఉంటుందో తెలిసింది. అయినా నా దగ్గర పొయ్యిలు లేవు. ఎవరూ నన్ను నవ్వించడం కూడా లేదు.

అమ్మాయి పని గడువులోపలే అయ్యింది. ఆ దుమ్మురోజు కాగితం చూశాక ఆమె సార్ మిగతావాటినీ ఒప్పుకున్నాడట. మిషను దించుకుపోతూ స్వీట్ల డబ్బా ఇచ్చింది.

"మీ గిర్నీ గురించి కూడా రాశాను అన్నయ్యా. పేరు లేదులెండి. దుమ్ము పుట్టేచోట్లలో ఒకటని."

"ఏడోది పాస్ కానోణ్ని పీహెచ్‌డీల ఎక్కించినవ్" అన్నాను. ఆమె నవ్వింది. ఆ నవ్వులో నేను మాత్రం కలవలేకపోయాను.

వానాకాలంలోనే రేకుల గది, గొట్టం పెట్టించాను. తర్వాతి వేసవికి కారం మిషను మొదలుపెట్టిన రోజున సందులో ఎవరూ తుమ్మలేదు. ఎదుటి కిటికీ రెక్కలు తెరుచుకున్నాయి. నేను తలెత్తి అటు చూడకుండా పని చేసుకున్నాను. నాలుగు రోజులు బాగా గడిచింది. ఐదోరోజు పక్క హాస్టల్ వార్డెనమ్మ, చేతిలో తెల్ల చున్నీ ఒకటి పట్టుకుని, గిర్నీలోకి దూసుకొచ్చింది. చున్నీ నిండా ఎర్ర చుక్కలు.

"ఏమయ్యా! ఆడపిల్లల బట్టల మీద కారం చల్లుతవా? డాబా మీద ఆరేస్తే నీ గొట్టం ఊదుతున్నది! ముఖం తుడుసుకుంటే మంట, దుప్పటి కప్పుకుంటే మంట! ఇంటర్వ్యూకి పోయిన పిల్ల ఆడ తుమ్ముడు ఆపలేక తిరిగొచ్చింది! నీకు సిగ్గున్నదా?"

గిర్నీ నిండా గిరాకీలు. అందరి ముఖాలూ నా వైపు తిరిగాయి. పెదవుల చివర నవ్వు సిద్ధంగా పెట్టుకుని ఎదురుచూస్తున్నారు. నా నాలుక మీద జోకు వచ్చి కూర్చుంది కూడా, మంచిదే. నోరు తెరిచాను.

మూసుకుని, చెయ్యి చాపి స్విచ్చు ఆపాను.

మోటారు మోత ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఎదుటి వంటగదిలోంచి తాలింపు చిటపటలు వినిపించాయి. ఎదురెదురుగా ఉండి కూడా ఆ చప్పుడు ఎప్పుడూ వినలేదు. తెరిచిన కిటికీలోంచి పెద్దమ్మ అంతా విన్నట్టుంది. "బాగా గడ్డి పెట్టమ్మా!" అని అరిచి, పగలబడి నవ్వింది. ఆ నవ్వు చివర దగ్గు వస్తుందని, తల వంచుకుని, ఎదురుచూస్తూ నిలబడ్డాను. రాలేదు.

అప్పుడు కూడా అటు చూడలేకపోయాను.

"బట్టలు ఏ పూట ఆరేస్తరో చెప్పమ్మా" అన్నాను వార్డెనమ్మతో. "గా పూట నడపను."